తరఫున

కిల్లీబెగ్స్ రేవులో చేపల పడవల ఇంజన్లు బాగుచేసే ఒకాయన
నాకు చేయిచ్చాడు.
మంచి అర్థంలోనే.
మూడు పేజీల పత్రం, వెనక అపోస్టిల్ ముద్ర,
అనువాదకుడి సంతకం కింద ఇంకెవరిదో సంతకం.
గురువారం ఒక్కరోజుకి, ఎలెనా పట్టణంలో,
నా కుడిచెయ్యి ఆయనది.

ఫెర్గల్ గిల్లెస్పీ బల్గేరియా ఎప్పుడూ చూడలేదు.
అక్రోట్ చెట్టు చూశాడు, ఫోటోలో, మంచు మోస్తుండగా.
పైకప్పు కారుతుందా అని అడిగాడు,
బావిలో నీళ్ళున్నాయా అని,
చివర్లో, ఫోన్ పెట్టేసే ముందు, కాస్త సిగ్గుపడుతూ,
"రాత్రిళ్ళు గాలి చప్పుడు ఉంటుందా?
అది లేకపోతే నాకు నిద్రపట్టదు."

పత్రంలో లేని ప్రశ్న.
వెళ్ళి ఆ పెరట్లో పొద్దుగూకేదాకా కూచున్నాను.
గాలి రాలేదు. ఒక కుక్క వచ్చింది,
నన్ను వాసన చూసి పోయింది.
"ఉంటుంది" అని రాశాను.

నోటరీ దస్తావేజు మొత్తం పైకి చదివాడు,
బస్సు తప్పిపోతుందేమో అన్నంత వేగంగా.
ఎదురుగా జ్లతీనా.
ముప్ఫై ఏళ్ళు ఈ కొండవాలుకి ఉత్తరాలు పంచిన మనిషి.
రూసేలో చెల్లెలితో కలిసి పూలకొట్టు పెడుతోందట.
నీళ్ళసీసాకి ఆనించి ఫోన్ నిలబెట్టాను.
తెరమీద ఫెర్గల్, ఇస్త్రీ చొక్కాలో,
తన పెళ్ళి తానే దూరంనుంచి చూస్తున్నవాడిలా.

"అమ్మడం మీకు సమ్మతమేనా?"
జ్లతీనా తల అడ్డంగా ఊపింది.
ఫోన్‌లో కుర్చీ కిర్రుమంది.
"ఏమైంది? ఎందుకు వద్దంటోంది?"

ఆయనకెవరూ చెప్పలేదు.
మా దగ్గర అడ్డంగా ఊపితే అవును,
నిలువుగా ఊపితే కాదు.
నేను చెప్పాను. అందరూ నవ్వారు, నోటరీ కూడా.
జ్లతీనా తల మాత్రం ఇంకా ఊగుతూనే ఉంది,
ఒక అవునుకి కావలసినదానికన్నా కాస్త ఎక్కువసేపు.
ఆ మిగిలిన ఊపు ఏ భాషదో
నేను అనువదించలేదు.
ఆ అధికారం నాకెవరూ రాసివ్వలేదు.

సంతకం నా పేరుతోనే, ముందు "తరఫున" అన్న మాటతో.
ఇల్లు చేతులు మారింది.
మారిన చేతుల్లో ఒకటి, కాసేపు, నాది.

ఆయన తరఫున తాళంచెవి తీసుకున్నాను.
ఆయన తరఫున కరెంటు మీటరు చదివాను.
ఆయన తరఫున గడప తగిలి తూలాను,
దెబ్బ మాత్రం నా బొటనవేలికే.

తలుపుమీద మెతోడి.
పోయినవాళ్ళ ఫోటో కాగితం మీద అచ్చువేసి
ఇంటి తలుపుకి అంటిస్తాం మేము, ఏటేటా కొత్తది.
తేనెటీగల టోపీ, దాని కింద మీసాలు,
ఆ కింద: నువ్వు లేని అయిదేళ్ళు.
వాన ఒక మూల కొరుక్కు తినేసింది.
ఏడో క్లాజు: ఇంటిని ఖాళీగా స్వాధీనపరచుకొనుటకు.

"తీసుకెళ్ళవా?" అన్నాను.
జ్లతీనా సంచి జిప్పు లాగుతూ,
"ఆయనకి నది పడదు" అంది.
అంతే, బస్సెక్కేసింది.

తలుపు ఫోటో తీసి పంపాను.
చాలాసేపు ఏమీ రాలేదు.
తర్వాత: "ఎవరు?"
"ఇదివరకు ఇక్కడ ఉన్నాయన."
మళ్ళీ ఏమీ లేదు.
చీకటి పడబోతుండగా ఒక్క ముక్క:
"తడవకుండా ఏదైనా కప్పగలవా?"

పవరాఫ్ అటార్నీ పెట్టుకొచ్చిన ప్లాస్టిక్ కవరు ఉంది.
పత్రాన్ని బయటికి తీసి చంకలో పెట్టుకుని,
నాలుగు గుండుసూదులతో కవరుని మెతోడి మీద గుచ్చాను.
అప్పటికి ఆఫీసు వేళ దాటిపోయింది.
ఆ చేయి ఎవరి తరఫున కదిలిందో తెలీదు.

ఫెర్గల్ అక్టోబర్‌లో వస్తాడట.
ఒక ఆకు కూడా కదలని ఈ పెరట్లో
గాలి సంగతి ఏం చెయ్యాలో
నేనింకా ఆలోచించలేదు.